మా గుట్ట మీద నేను తవ్వించిన గుంతలు

ఆ గొర్రె కాలు విరిగింది నా వల్ల. ఇది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. జూన్ ఆఖరు. తొలకరి పడిందని ఫోన్ రాగానే బెంగళూరు నుంచి మా ఆఫీసు వాళ్ళని ఒక బస్సు నిండా వేసుకొని మా ఊరికి పోయాను. ఊరు అప్పటి అనంతపురం జిల్లాలో ఉంది. ఊరి వెనక ఒక బోడి గుట్ట. ముందు రోజే ట్రాక్టరుకు డ్రిల్లు బిగించి 600 గుంతలు తవ్వించి పెట్టాం. కానుగ, వేప, నేరేడు మొక్కలు లారీలో వచ్చాయి. అందరికీ ఆకుపచ్చ టీషర్టులు. మధ్యాహ్నానికి పని ముగిసింది, ఫొటోలు దిగాం, మా ఇంట్లో రాగిసంగటి, పప్పు తిన్నాం. తిరుగు ప్రయాణంలో నేను గుట్టంతటినీ అడవిగా ఊహించుకుంటూ నిద్రపోయాను.

గుంతలు తవ్వే రోజే ఒకాయన వచ్చి చూశాడు. మా ఊరి గొర్రెల కాపరి, వరసకి మామ అవుతాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె. కాసేపు డ్రిల్లు తిరగడం చూసి, "ఏంటికల్లుడా ఈ గుంతలు?" అన్నాడు.

"చెట్లు పెడతాండాం మామా."

"ఈడ చెట్లు వచ్చేటివైతే నువ్వొచ్చేదాకా కాసుకోనుంటాయా?"

నవ్వాను. చదువుకోని మనిషి, ఏదో అంటాడులే అనుకున్నాను. ఆయన ఇంకేమీ అనకుండా మందని అవతలి వాలుకి మళ్ళించాడు.

మరుసటి మార్చిలో ఊరికి పోతే 600 మొక్కల్లో బతికినవి ఏడు. నీళ్ళ ట్యాంకరు పెట్టిస్తామన్న వాళ్ళు రెండుసార్లు పంపి మానేశారు. మొక్కలు పోయాయి గానీ గుంతలు పోలేదు. సగం పూడి, అంచులు ఎండిన కసువుతో కప్పుకుపోయి, చూస్తే తెలియకుండా అలాగే ఉన్నాయి. ఒక సూడిగొర్రె దాంట్లో పడి ముందరి కాలు విరగ్గొట్టుకుంది. మామ వెదురు బద్దలు పెట్టి, పాత పంచె చింపి కట్టు కట్టి ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాతే నేను ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. చదివింది ఎక్కువగా ఇద్దరు ఎకాలజిస్టుల పని. మహేశ్ శంకరన్, జయశ్రీ రత్నం. ఇద్దరూ బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో పనిచేస్తారు. అంటే నేను రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే ఊళ్ళోనే. మా గుట్ట గురించి అడగాల్సిన ప్రశ్నని వాళ్ళు నేను గుంతలు తవ్వించడానికి చాలా ఏళ్ళ ముందే అడిగి పెట్టారు. చెట్లు లేని చోట చెట్లు ఎందుకు లేవు?

వినడానికి పిల్లల ప్రశ్నలా ఉంటుంది. మన దగ్గర దీనికి సిద్ధంగా ఒకే జవాబు ఉంది. మనుషులు కొట్టేశారు, మేకలు తినేశాయి. ఒకప్పుడు అంతా కీకారణ్యం, తర్వాత మనం పాడుచేశాం. బడిలో చెప్పింది ఇదే, మొక్కలు నాటే సభల్లో మైకు పట్టుకున్న ప్రతివాడూ చెప్పేదీ ఇదే. నేనూ బస్సులో మైకు పట్టుకొని అదే చెప్పాను.

శంకరన్, ఇంకా చాలామంది పరిశోధకులు కలిసి 2005లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఆఫ్రికా ఖండంలో 854 చోట్ల నుంచి లెక్కలు తెచ్చారు. ఒక్కో చోట ఏడాదికి ఎంత వాన పడుతుంది, నేలలో ఎంత భాగం చెట్లూ పొదలూ కప్పి ఉన్నాయి. ఈ రెంటినీ ఒక గ్రాఫు మీద చుక్కలుగా పెట్టారు. అడ్డగీత మీద వాన, నిలువు గీత మీద చెట్ల శాతం. ఆ బొమ్మని నేను ఫోన్‌లో పెద్దది చేసుకొని చాలాసేపు చూశాను. చుక్కలు ఎలా పడితే అలా చల్లినట్టు ఉంటాయి, కానీ వాటి పైన ఒక కప్పు ఉంటుంది, ఇంటి వసారా చూరులాగా ఏటవాలుగా. తక్కువ వాన పడే చోట్ల చుక్కలు ఆ చూరు దాటి పైకి పోవు. వాన పెరిగేకొద్దీ చూరు పైకి లేస్తుంది. దాదాపు 650 మిల్లీమీటర్ల దగ్గర అది పూర్తిగా తెరుచుకుంటుంది.

దీని అర్థం మామ చెప్పిందే. 650కి లోపల వాన పడే నేలలో, ఎవరూ గొడ్డలి పట్టకపోయినా, ఏ మేకా నోరు పెట్టకపోయినా, చెట్లు ఒక హద్దు దాటి దట్టం కాలేవు. నీళ్ళు చాలవు. ఆ పైన వాన పడే చోట్ల కథ వేరు. అక్కడ అడవి మూసుకుపోవడానికి సరిపడా నీళ్ళున్నా చాలా చోట్ల నేల తెరిపిగానే ఉంటుంది, ఎందుకంటే నిప్పూ మేసే జంతువులూ చెట్లని అదుపులో పెడతాయి.

650 అనేది ఆఫ్రికా అంకె. అక్కడి మట్టి వేరు, ఏనుగులూ జిరాఫీలూ వేరు, మన వానలు పడే తీరు వేరు. ఆ అంకెని తెచ్చి మన నేల మీద టేపు పెట్టి కొలవకూడదు. అయినా ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వానని గుర్తు చేసుకోకుండా ఉండలేకపోయాను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా కాగితం మీద సగటు. వరసగా మూడేళ్ళు ముఖం చాటేసి నాలుగో ఏడు ఒక్క వారంలో కుమ్మరించే వాన మాది.

రత్నం, శంకరన్ ఇద్దరూ ఇంకొందరితో కలిసి 2011లో రాసిన వ్యాసం నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. దాని పేరులోనే ప్రశ్న ఉంది: అడవి అనుకుంటున్నది ఎప్పుడు అడవి కాదు, సవానా? సవానా అంటే మనకి టీవీలో సింహాలు తిరిగే ఆఫ్రికా. వాళ్ళు చెప్పేదేమంటే, తలెత్తి చెట్లని చూసి అడవా కాదా అని తేల్చకండి, తల దించి కాళ్ళ కింద చూడండి అని. అడవి అయితే నీడకి గడ్డి బతకదు. చెట్ల కింద ఎండని కోరుకునే గడ్డి పరుచుకొని ఉంటే, ఆ చెట్లకి మందపాటి బెరడు ఉంటే, నిప్పు తగిలి పైభాగం పోయినా మొదట్లోంచి మళ్ళీ చిగురు వేస్తుంటే, అది చెడిపోయిన అడవి కాదు. అది వేరే సంసారం. చెట్టూ గడ్డీ నిప్పూ పశువూ కలిసి కాపురం చేసే చోటు.

ఈ గడ్డి మామూలు గడ్డి కాదు. మండే ఎండలో, తక్కువ నీళ్ళతో ఆహారం వండుకునే విద్య తెలిసిన గడ్డి. శాస్త్రవేత్తలు దాన్ని సి-4 అంటారు. మన జొన్న, సజ్జ, కొర్ర, చెరకు అన్నీ ఆ బాపతే. హిమాలయాల పాదాల దగ్గర శివాలిక్ మట్టిపొరల్లో దొరికిన ఆధారాలని బట్టి ఈ గడ్డి నేలలు ఇక్కడ పరుచుకొని 70, 80 లక్షల ఏళ్ళు అవుతోంది. మనుషులు గొడ్డలి కనిపెట్టడానికి చాలా ముందు. కాబట్టి "మేకలు తినేసిన అడవి" అన్న కథ అన్ని చోట్లా నిలబడదు. కొన్ని చోట్ల నిలబడుతుంది, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఏ చోట నిలబడుతుందో చూసి చెప్పాలి కదా, ముందే అన్నిటికీ ఒకే తీర్పు రాసి పెట్టుకుంటే ఎలా?

రాసి పెట్టుకున్నది ఎవరంటే, మొదట రెవెన్యూ వాళ్ళు. శిస్తు రాని నేల వాళ్ళకి వ్యర్థం. తెల్లవాళ్ళ కాలం నాటి ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. మన భాషలో ఉన్న మాటలు అంత మొరటువి కావు. గడ్డిబీడు అన్నాం, మేత పోరంబోకు అన్నాం. ఏ నేల ఎందుకు పనికొస్తుందో ఆ పేర్లలోనే ఉంది. వాటన్నిటినీ కలిపి వేస్ట్‌లాండ్ అనే ఒక్క గంపలో వేశారు. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్ళ ఉపగ్రహ చిత్రాలతో తయారైన వేస్ట్‌లాండ్స్ అట్లాస్ 2019 ప్రకారం దేశంలో దాదాపు 5.57 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే 17 శాతం నేల, వ్యర్థం. తుప్పలూ గడ్డీ ఉన్న నేలలు కూడా అందులోకే వస్తాయి. అది ఉపగ్రహం తప్పు కాదు. అది ఉన్నదే చూపించింది, పేరు పెట్టింది మనం.

దీనికి ఎదురుగా ఇంకో పటం ఉంది. ఎం.డి. మధుసూదన్, అబి తమీమ్ వనక్ అనే ఇద్దరు పరిశోధకులు 2022లో ప్రచురించారు. మెట్ట ప్రాంతాల్లో సహజంగానే తెరిపిగా ఉండే నేలలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించారు. తక్కువలో తక్కువ 3 లక్షల చదరపు కిలోమీటర్లు, దేశంలో పదో వంతు. అందులో అభయారణ్యాల కిందకి వచ్చేది 5 శాతం కూడా లేదు. ఆ పటంలో మా జిల్లా వైపు చూడగానే, చిన్నప్పటి ఫొటో ఎవరో పంపించినట్టనిపించింది.

ఇటుపక్క అడవి లెక్క చూడండి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో, ఒక హెక్టారుకి మించిన ఏ నేలలోనైనా పదో వంతు మీద చెట్ల నీడ పడితే అది అటవీ విస్తీర్ణం. ఎవరి నేల, ఏం చెట్లు అన్నది ప్రశ్నే కాదు. ఆ లెక్కన చిత్తూరు మామిడితోట అడవి. బట్టమేక పిట్ట గుడ్డు పెట్టే గడ్డినేల వ్యర్థం. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

ఇలాంటి నేల మీద చెట్లు పెట్టాలన్న కోరిక కొత్తది కాదు. దీనికి మా రాయలసీమలోనే నూటయాభై ఏళ్ళ నాటి ఉదాహరణ ఉంది. రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అని మద్రాసు రాజ్యంలో ఒక అటవీ అధికారి. గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు, ఆ మాటలో సందేహం లేదు. తిరుమల, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని పేరిత అనే మొక్క ఉంది. ఈతచెట్టుని కుదించినట్టు ఉంటుంది, రాక్షసబల్లుల కాలం నాటి వంశం. ఎండిన, తెరిపి వాలుల్లో, గడ్డి మధ్య బతుకుతుంది. ఆ వాలుల్లో నిప్పు అంటుకోవడం మామూలే, పేరిత మళ్ళీ ఆకు వేస్తుంది. దాని శాస్త్రీయ నామం సైకాస్ బెడ్డోమీ. ఈయన పేరే.

అదే బెడ్డోమ్ 1876లో మద్రాసు రెవెన్యూ శాఖకి ఒక ఉత్తరం రాశాడు. ఎండు నేలల్లో నాటడానికి, వంటచెరకు కోసం, అమెరికా వైపు నుంచి ఫలానా తుమ్మజాతి విత్తనాలు తెప్పించండి అని. విత్తనాలు వచ్చాయి. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళలో కడప జిల్లా కమలాపురం వైపు నాటారు. ఉద్దేశం మంచిదే. కరువు రోజులు, కట్టెలకి కటకట. ఆ చెట్టు ఏదో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. సర్కారు తుమ్మ. మా వైపు సర్కారు కంప అంటారు. సర్కారు అన్న మాట ఊరికే అంటుకోలేదు దానికి.

ఈ రోజు రాయలసీమలో కంప లేని చెరువు చూపించండి. పశువులూ గొర్రెలూ తియ్యటి కాయలు తింటాయి, విత్తనం అరగదు, పేడలో పడి ఎరువుతో సహా మొలుస్తుంది. కొడితే మొదట్లోంచి పది కొమ్మలు లేస్తాయి. కింద గడ్డి పెరగదు. ముల్లు దిగితే చెప్పు కూడా ఆపలేదు, వారం రోజులు కాలు వాచిపోతుంది. అయితే దాంతో బతికిన వాళ్ళూ ఉన్నారు. మా ఊళ్ళోనే రెండు కుటుంబాలు కంప బొగ్గుల మీద పిల్లల్ని చదివించాయి. కాబట్టి దాన్ని పూర్తిగా తిట్టను. కానీ "ఈ నేలకి చెట్టు పెడితే చాలు, ఏ చెట్టయినా సరే" అన్న ఆలోచన ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే వేరే దేశం పోనక్కర్లేదు. అప్పట్లో కారణం వంటచెరకు, ఇప్పుడు కార్బన్.

కార్బన్ గురించి చెప్పాలి, ఎందుకంటే నా స్నేహితులందరూ నన్ను నిలబెట్టి అడిగేది ఇక్కడే. "వాతావరణం ఇంత వేడెక్కుతుంటే చెట్లు వద్దంటావేంట్రా?" అని. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనాన్ని వాళ్ళలో ఇద్దరు ముగ్గురు నాకు పంపారు కూడా. ప్రపంచంలో ఇంకో 90 కోట్ల హెక్టార్లలో చెట్లు పెంచొచ్చు, అవి 205 గిగాటన్నుల, అంటే 20,500 కోట్ల టన్నుల, కార్బన్‌ని దాచుకుంటాయి అని దాని సారాంశం. ప్రపంచమంతా పత్రికల మొదటి పేజీల్లోకి ఎక్కింది. కొన్ని నెలలకే అదే పత్రికలో జోసెఫ్ వెల్డ్‌మన్, ఇంకా పదుల మంది ఎకాలజిస్టులు కలిసి జవాబు రాశారు. మీ అంకె దాదాపు ఐదు రెట్లు ఎక్కువ, గడ్డినేలల్నీ సవానాల్నీ ఖాళీ జాగా కింద లెక్కేశారు, మట్టిలో ముందే ఉన్న కార్బన్‌ని సున్నా అనుకున్నారు అని. ఈ జవాబు మొదటి పేజీల్లోకి ఎక్కలేదు. నాకు ఎవరూ పంపలేదు.

మట్టిలో ఉన్న కార్బన్ అంటే ఏంటో నాకు ఆ గుంతల్లోనే కనిపించి ఉండాల్సింది. డ్రిల్లు పైకి తీసినప్పుడు గుంత గోడల నిండా వేళ్ళు. దారప్పోగుల్లా, వెంట్రుకల్లా, రెండడుగుల లోతు దాకా. పైన చూస్తే జానెడు ఎండుగడ్డి, కింద చూస్తే జడలు. చెట్టు తన ఆస్తిని పైన కొమ్మల్లో అందరికీ కనబడేలా పెట్టుకుంటుంది. గడ్డి నేలలో పాతిపెట్టుకుంటుంది. చెట్టు కాలిపోతే దాచిందంతా గాల్లో కలుస్తుంది. గడ్డి కాలితే పైది పోతుంది, కిందది ఉంటుంది, వాన పడగానే మళ్ళీ లేస్తుంది. కాలిఫోర్నియా మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనం ఇదే మాట అంకెలతో చెప్పింది: కరువులూ మంటలూ పెరిగే రోజుల్లో అక్కడ అడవి కన్నా గడ్డినేల నమ్మకమైన కార్బన్ ఖజానా కావచ్చు అని. కాలిఫోర్నియా రాయలసీమ కాదు. కానీ కరువూ నిప్పూ ఉన్న చోట ఎక్కువ వడ్డీ కన్నా అసలు భద్రంగా ఉండటం ముఖ్యమన్నది ఏ రైతుకైనా తెలిసిన లెక్కే.

నిజానికి వాతావరణ మార్పు మన గడ్డినేలల్ని ఇంకో దారిలో కూడా తినేస్తోంది. గాల్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే సి-4 గడ్డికి పెద్ద లాభం లేదు, ఉన్న కొద్దిపాటి కార్బన్ డయాక్సైడ్‌నే పోగుచేసుకునే విద్య దానికి ముందే ఉంది. లాభం తుప్పలకీ చెట్లకీ. చిన్న మొక్క తొందరగా ఎదిగి నిప్పు అందని ఎత్తుకి పోతుంది. సవానాలు మెల్లగా తుప్పలతో పూడుకుపోతున్నాయని ఆఫ్రికాలో చాలా చోట్ల గమనించారు. ఇంకోవైపు కరువులు ముదిరితే చెట్లు పెద్ద ఎత్తున ఎండిపోవచ్చు. ఈ రెండు లాగుళ్ళ మధ్య మన నేలలు ఎటు పోతాయన్నది శంకరన్ 2019లో కరువుల మీద రాసిన వ్యాసంలో ప్రధానమైన ప్రశ్న. ఇంత సున్నితమైన తూకంలో ఉన్న నేల మీదికి నేను డ్రిల్లు పట్టుకొని పోయాను.

ప్రభుత్వాల లెక్కలు కూడా ఇటే తోస్తాయి. 2030కల్లా చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైనది దాచిపెడతామని పారిస్ ఒప్పందం ముందు మన దేశం మాటిచ్చింది. దేశంలో మూడో వంతు అడవి ఉండాలన్న లక్ష్యం అంతకన్నా పాతది. తెలంగాణ హరితహారం 2015లో మొదలైనప్పుడు 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది. ఊళ్ళలో, రోడ్ల పక్కన, బడుల్లో పెట్టిన మొక్కలు బతికిన చోట నిజంగా నీడనిచ్చాయి, ఎండలో బస్సు కోసం నిలబడేవాడికి ఆ విలువ తెలుసు. నా పేచీ మొక్కతో కాదు, మొక్కల సంఖ్యతో. సంఖ్య లక్ష్యమైనప్పుడు ఖాళీగా కనబడే నేల కావాలి, ఖాళీగా కనబడేది ఎప్పుడూ గడ్డినేలే.

మొక్కలు ఒక్కటే కాదు. కర్నూలు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కుకి 5,900 ఎకరాల పైగా పట్టింది. సూర్యుడి కరెంటు కావాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కానీ "ఊరికే పడున్న నేల" అన్న మాట వినబడినప్పుడల్లా నాకు ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ మాటతోనే బట్టమేక పిట్ట కథ ముగింపుకి వచ్చింది.

అప్పటి కర్నూలు జిల్లా రోళ్ళపాడులో 1988లో దానికోసం అభయారణ్యం పెట్టారు. ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర. పదిహేను కిలోల దాకా తూగే పిట్ట, నేల మీద ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ పిట్ట కంచెలోపలే ఉండదు, చుట్టూ మెట్ట చేలల్లో తిరుగుతుంది. చుట్టుపక్కలకి కాలువ నీళ్ళొచ్చాయి, పంటలు మారాయి, తెరిపి తగ్గింది. 2010లు వచ్చేసరికి పిట్ట కనబడటమే గగనమైపోయింది. ఇప్పుడు దేశం మొత్తం మీద 150 లోపే అంటారు, అవీ ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారి వైపు. అక్కడ సోలార్, గాలిమరల కరెంటు తీగలకి తగిలి చస్తున్నాయి. దాని కళ్ళు పక్కకి చూస్తాయి, ఎదురుగా ఉన్న తీగ సరిగ్గా కనబడదు. సుప్రీంకోర్టు 2021లో తీగలు నేలలోంచి వేయమంది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పౌరుల హక్కు అని మన దేశంలో తొలిసారి కోర్టు స్పష్టంగా చెప్పింది కూడా ఆ తీర్పులోనే. పిట్టని కాపాడమని వేసిన కేసులో మనిషి హక్కు తేలింది, పిట్ట సంగతి కమిటీకి పోయింది.

అయితే గడ్డినేలని కాపాడటమంటే కంచె వేసి వదిలేయడం కూడా కాదు. దీనికి కలివికోడి కన్నా మంచి సాక్ష్యం లేదు. 1900లో చివరిసారి కనబడి, అంతరించిపోయిందనుకున్న పక్షి 1986 జనవరిలో కడప జిల్లా లంకమల పాదాల దగ్గర మళ్ళీ దొరికింది. రాత్రి తిరుగుతుంది, మనిషి అలికిడి వింటే పొదలో దూరుతుంది. పంచపాకేశన్ జెగనాథన్ అనే పరిశోధకుడు దాన్ని వెతకడానికి ఒక ఉపాయం చేశాడు. పొదల మధ్య నేలని మెత్తగా చదును చేసి పట్టీలుగా పరిచి, పొద్దున్నే వచ్చి కాలి గుర్తులు చూసేవాడు. మన అమ్మమ్మలు ముగ్గు వేసే ముందు వాకిలి ఊడ్చినట్టు, ఎన్నో రాత్రులు. అలా తేలింది ఏమంటే, మనిషెత్తు దాటిన పొదలు హెక్టారుకి 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు 1000 లోపు ఉన్న చోటే ఆ పక్షి ఎక్కువగా ఉంటుంది. పొదలన్నీ కొట్టేస్తే పోతుంది. బాగా దట్టమైతే కూడా పోతుంది. మధ్యస్తంగా ఉంచేది ఎవరు? మేకలు, గొర్రెలు, కట్టెలు ఏరుకునే ఆడవాళ్ళు. వాళ్ళని పూర్తిగా బయటికి తోలేస్తే పక్షికి మంచి జరుగుతుందని చెప్పలేం.

కాపరుల్ని నేను దేవుళ్ళని చేయడం లేదు. మా ఊళ్ళో మందలు పెరిగి, మేపే నేల తగ్గి, గుట్టకి ఒక పక్క నిజంగానే గీకి వదిలేసినట్టు ఉంది. గొర్రెని తోడేలు ఎత్తుకుపోతే కళేబరంలో మందు పెట్టే అలవాటు మా వాళ్ళకీ ఉంది. గడ్డినేలకీ వైద్యం కావాలి. దాని వైద్యం మాత్రం వేరే. కంప పీకడం, స్థానిక గడ్డి విత్తనం చల్లడం, కొన్నాళ్ళు మేత ఆపి కొన్నాళ్ళు వదలడం. ఇవేవీ ఫొటోలో పడవు. బోద కసువు పక్కన నిలబడి సెల్ఫీ దిగితే ఎవరు లైక్ కొడతారు?

"చెట్లు వద్దంటావా" అన్న ప్రశ్నకి నా జవాబు ఇప్పుడు చిన్నది. మా ఊరి వీధుల్లో వేపలు పెట్టండి, నేనూ వచ్చి నీళ్ళు పోస్తాను. చెరువు గట్టు మీద, బడి ఆవరణలో, చేల గట్ల మీద పెట్టండి. అడవి నరికిన చోట అడవే తిరిగి రానివ్వండి. గుట్టని వదిలేయండి. గుట్ట దగ్గరికి పోయే ముందు తల దించి కింద గడ్డి చూడండి, పైన ఎంత వాన పడుతుందో చూడండి, మేపేవాడిని అడగండి. ముందు ఈ మూడు పనులు చేసి ఉంటే నాకు 600 గుంతల ఖర్చూ ఒక గొర్రె కాలూ మిగిలేవి.

పోయిన సంక్రాంతికి గుంతలు పూడ్చడానికి పోయాను. ఈసారి బస్సు లేదు, టీషర్టులు లేవు. నేనూ, మామ మనవడూ, రెండు పారలు. మామ ఒక బండ మీద కూర్చుని చూస్తున్నాడు, ఆయనకిప్పుడు మోకాళ్ళు సహకరించవు. అప్పుడు తవ్విన మట్టి ఏళ్ళ తరబడి వానలకి కొట్టుకుపోయింది. ఒక పూటంతా చుట్టుపక్కల మట్టి గీకితే పదిహేను గుంతలు కూడా నిండలేదు, పైగా గీకిన చోట గడ్డి వేళ్ళు బయటపడుతున్నాయి. "రేపు చెరువు మట్టి ఒక ట్రాక్టరు తోలిస్తా మామా" అన్నాను.

"వద్దల్లుడా," అన్నాడాయన. "దాంట్లో కంప విత్తనాలుంటాయి."

రాళ్ళు ఏరుకొచ్చి పోశాం.